రెండు తూకాలు

తెల్లవారుజాము నాలుగింటికి
న్యూ బెడ్‌ఫర్డ్ రేవులో దిగిన ఆల్చిప్పల కండలు
గుడ్డసంచుల్లోంచి బల్ల మీదికి జారతాయి.
ఏ రెండింటి రంగూ ఒకటి కాదు.
ఒకటి జున్ను పసుపు, ఒకటి లేత గులాబి,
ఒకటి ఏడ్చి తుడుచుకున్న చెంపలా.

అన్నింటినీ ఒకే తెలుపు చెయ్యడం నా ఉద్యోగం.

నీలం పీపాలో ఐసునీళ్ళు, అందులో కొలిచి పోసిన పొడి.
బస్తా మీది పేరుకి నోరు తిరగదు:
సోడియం ట్రైపాలీఫాస్ఫేట్.
మేం "సబ్బు" అంటాం.
వేళ్ళ సందుల్లో నిజంగానే జారుతుంది.
తెడ్డుతో తిప్పుతాను, మూత పెడతాను, ఇంటికెళ్తాను.
మర్నాడు కాటా మీద
వంద పౌండ్లు నూట పద్దెనిమిది.
సముద్రం పెంచిన కండ కాదది,
కుళాయి పెంచింది.

"మోసమెలా అవుతుంది లుడొవీనా?
నీళ్ళు కలిపామని పెట్టె మీద రాస్తున్నాంగా" అంటాడు
మేస్త్రీ అర్లిందు.
రాస్తాం. చీమ తలకాయంత అక్షరాలతో.

నేను దాన్ని తిట్టను.
సాసేజ్ ఎండి పగలకుండా పట్టుకునేది అదే,
చీజ్ కరిగినప్పుడు నూనె ఒకవైపు, ముద్ద ఒకవైపు
విడాకులు తీసుకోకుండా కలిపి ఉంచేదీ దాని చుట్టాలే.
తరిగిన బంగాళాదుంప నల్లబడనివ్వదు.
ఇరవై రెండేళ్ళుగా దాని జీతం తింటున్నాను.

కానీ మా ఇంట్లో జెఫెరీను ఉన్నాడు.

ముప్పై ఏళ్ళు పడవల ఇంజన్లు బాగుచేసిన మనిషి.
రెండు కిడ్నీలూ ఒకదాని వెంట ఒకటి ఆగిపోతే
ఏ స్పానరూ పనికి రాలేదు.
మంగళ, గురు, శని వారాల్లో
కుర్చీలో కూర్చోబెట్టి రక్తం కడుగుతారు.
కడగబోయే ముందు తూస్తారు,
కడిగాక మళ్ళీ తూస్తారు.
ఆ తేడా అంతా నీళ్ళే.
రోజుకి నాలుగు కప్పులు దాటకూడదు.
ఐసుముక్క ఒకటి బుగ్గన పెట్టుకుని
గడియారం వైపు చూస్తాడు.
నేనేమో పీపాలో తెడ్డు వేసి
చచ్చిన కండలకి రాత్రంతా నీళ్ళు తాగిస్తాను.

ఒళ్ళంతా దురద అన్నాడు చలికాలంలో.
గోడకి వీపు రుద్దుకునేవాడు, గేదెలా.
ఆస్పత్రి ఆహార నిపుణురాలు, కొవాల్‌చిక్ అనే పిల్ల,
రక్తపరీక్ష కాగితం మీద ఒక అంకె చుట్టూ సున్నా చుట్టింది:
ఫాస్ఫరస్.
"విషం కాదండీ. మీ ఎముకల్లో ఉన్నదీ అదే.
బాగున్న కిడ్నీ ఎక్కువైంది బయటికి తోసేస్తుంది.
ఈయనకి తోసే మనిషి లేడు.
పప్పులో ఉన్నది శరీరం సగమే తీసుకుంటుంది,
పొడిగా కలిపింది దాదాపు అంతా లోపలికి పోతుంది."

ఎంత కలిపారో ఎక్కడ రాస్తారు అని అడిగాను.
ఆ పిల్ల పెన్ను మూత పెట్టింది.
"పేరు రాస్తారు. ఎంతో రాయరు."

ఆ రాత్రి ఫ్రిజ్ ముందు నేల మీద కూర్చుని
కళ్ళజోడు ముక్కు చివరికి దించి
హామ్, చీజ్ ముక్కలు, అతనికిష్టమైన నల్లటి కోలా
ఒక్కొక్కటీ తీసి చదివాను.
ఎక్కడ చూసినా ఆ "ఫాస్".
ఇన్నాళ్ళూ పనిలోనే వదిలి వస్తున్నాననుకున్నా,
నాకంటే ముందే ఇల్లు చేరి కూర్చుంది.

ఆదివారం, సబ్బు తగలని కండలు ఆరు కొన్నాను.
మా ఫ్యాక్టరీలోనే, నా డిస్కౌంటు పోను కూడా రెట్టింపు ధర.
పెనం పొగ వచ్చేదాకా కాల్చి వేస్తే
అంచులు ఎర్రగా పట్టాయి.
మనవి అలా పట్టవు,
తెల్లటి నీళ్ళు కార్చుకుంటూ ఉడికిపోతాయి.
మూడే తినాలంది కొవాల్‌చిక్, మాత్రతో కలిపి.
మూడు తిన్నాడు.
నాలుగోది చూసి, నన్ను చూసి,
ఫోర్కు బోర్లించాడు.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు.
సముద్రం ఉప్పు చాలదా అన్నాను.

రేపు సోమవారం, పీపా నింపాలి.
ఎల్లుండి ఏడింటికి
నేనొక కాటా ముందు, అతనొక కాటా మీద.